మాటల్లేని ఊరిని చదివిన ఇంజినీరు: రాజా దీన్ దయాళ్

పాత హైదరాబాద్ ఫొటోలు చూడనివాళ్లు మనలో ఎవరూ ఉండరు. చార్మినార్ కింద ఎడ్లబండ్లు, ఫలక్‌నుమా ప్యాలెస్ మెట్లు, వేటాడిన పులి వెనకాల నిలబడ్డ దొర, దొరసాని. ఏదో ఒక గ్రూపులో ఎవరో ఒకరు పంపుతూనే ఉంటారు. వాటిలో చాలావాటిని తీసింది ఒక్కరే, రాజా దీన్ దయాళ్. ఆయన పేరు విన్నవాళ్లలో కూడా చాలామందికి ఒక విషయం తెలియదు. ఆయన మనలాగే ఇంజినీరింగ్ చదివారు. సివిల్ బ్రాంచ్. ఆ చదువుతో ఉద్యోగం కూడా చేశారు, అదీ పీడబ్ల్యూడీలో. కెమెరా పట్టింది ఆ తర్వాతే.

ఈ సంచికలో ఆయన గురించి రాయడానికి ఇంకో కారణం ఉంది. పోయిన సెమిస్టర్‌లో మా డిజైన్ ప్రాజెక్ట్ అంశం ఏంటంటే, జనం తిరిగే చోట మాటల్లేకుండా జరిగే సంభాషణను గమనించడం. మేము అఫ్జల్‌గంజ్ ఎంచుకున్నాం. ఏం చూడాలి, ఎలా చూడాలి, అసలు అలా చూసే హక్కు మనకు ఎంతవరకు ఉంది అనే మూడు ప్రశ్నలు ప్రాజెక్ట్ అయ్యేదాకా మమ్మల్ని వదల్లేదు. ఈ మూడు ప్రశ్నలతోనూ బతికిన మనిషి ఒకరు నూట ముప్ఫై ఏళ్ల కిందట ఈ ఊళ్లోనే పనిచేశారు కదా అని ఆయన జీవితం వైపు చూశాం.

ఎస్టిమేటర్ చేతికి కెమెరా

దీన్ దయాళ్ 1844లో మీరట్ దగ్గరి సర్ధనాలో ఒక జైన కుటుంబంలో పుట్టారు. రూర్కీలోని థామసన్ సివిల్ ఇంజినీరింగ్ కాలేజీలో చదివారు. ఇప్పుడు మనం ఐఐటీ రూర్కీ అంటున్నది దాన్నే. 1866లో ఇండోర్‌లో పీడబ్ల్యూడీ ఉద్యోగంలో చేరారు. ఎస్టిమేటర్, డ్రాఫ్ట్స్‌మన్ పని. ఇంకా కట్టని గోడకు ఎంత రాయి పడుతుందో, ఎంత సున్నం పడుతుందో ముందే లెక్కకట్టాలి. కంటికి కనిపించేదాన్ని కొలత తప్పకుండా కాగితం మీదికి దించాలి. ఈ రెండూ చూపుకు సంబంధించిన పనులే. ఫొటోగ్రాఫర్‌కు కావాల్సిన సగం చదువు ఆయనకు ఆఫీసు బల్ల దగ్గరే అబ్బిందని చెప్పొచ్చు.

1874 ప్రాంతంలో ఆయనకు ఫొటోగ్రఫీ పిచ్చి పట్టింది. ఆ రోజుల్లో అది సరదాగా చేసే పని కాదు. గాజు పలకకు కొలోడియన్ అనే జిగురు ద్రావణం పూసి, సిల్వర్ నైట్రేట్‌లో ముంచి, తడి ఆరకముందే కెమెరాలో పెట్టి బొమ్మ తీయాలి. తడి ఆరకముందే డెవలప్ కూడా చేయాలి. అంటే ఎక్కడికి వెళ్తే అక్కడికి చీకటి గుడారం, సీసాలు, నీళ్లు, గాజు పలకలు మోసుకెళ్లాలన్నమాట. కెమిస్ట్రీ ల్యాబ్‌ను ఎడ్లబండి మీద తిప్పినట్టు. ఇండోర్ మహారాజు రెండో తుకోజీరావు హోల్కర్, అక్కడ బ్రిటిష్ ప్రతినిధిగా ఉన్న హెన్రీ డేలీ ఆయన్ను ప్రోత్సహించారు. 1875-76లో వేల్స్ యువరాజు మన దేశానికి వచ్చినప్పుడు ఆయన పర్యటనను ఫొటోలు తీసే అవకాశం దొరికింది. 1882లో లెపెల్ గ్రిఫిన్‌తో కలిసి బుందేల్‌ఖండ్ తిరిగి గుళ్లు, కోటలు, స్తూపాలు తీశారు. మధ్య భారత కట్టడాల మీద ఆ ఫొటోలతో 1886లో పుస్తకం కూడా వచ్చింది.

ఇక్కడ ఒక చిన్న సంగతి గుర్తుపెట్టుకోవాలి. కట్టడాల ఫొటోల్లో ఏదో ఒక మూల ఒక మనిషిని నిలబెట్టడం ఆ కాలపు అలవాటు. గోపురం ఎంత ఎత్తో చూసేవాళ్లకు తెలియాలి కదా! మన డ్రాయింగుల్లో కారు బొమ్మ, చెట్టు బొమ్మ పెట్టినట్టే అదీ. ఆ మనిషి ఎవరో, పేరేంటో ఎవరికీ అక్కర్లేదు. ఆయన కొలబద్ద, అంతే.

హైదరాబాద్‌కు రాక

1885 దీన్ దయాళ్ జీవితంలో పెద్ద మలుపు. ఆ ఏడాది వైస్రాయ్ ఫొటోగ్రాఫర్‌గా గుర్తింపు వచ్చింది. ఆ రోజుల్లోనే ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ పిలుపు కూడా వచ్చింది. నిజాం అప్పటికి కుర్రాడే. రెండేళ్లు దాటిన పసివయసులో గద్దె ఎక్కి, 1884లో పూర్తి అధికారాలు అందుకున్నారు. దీన్ దయాళ్ 1886లో సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టారు. సర్కారు ఉద్యోగానికి సెలవు పెట్టి, తర్వాత పూర్తిగా వదిలేశారు. గట్టి జీతం, పెన్షన్ ఉన్న ఉద్యోగం వదిలి గాజు పలకలనే నమ్ముకున్నారంటే ఇంట్లో ఏమన్నారో మనం ఊహించుకోవచ్చు.

సికింద్రాబాద్ నుంచి మూసీ దాటి పాత నగరంలోకి వెళ్లే ముఖ్యమైన దారుల్లో అఫ్జల్‌గంజ్ ఒకటి. నిజాం తండ్రి, అయిదో నిజాం అఫ్జలుద్దౌలా పేరు మీద వచ్చిన పేటే అది. గంజ్ అంటే ధాన్యం బజారు. పేట పక్కనే వంతెన. ఇప్పుడు మనం నయాపూల్ అంటున్న చోటు. ధాన్యం బస్తాలు, మోసేవాళ్లు, పల్లకీలు, గుర్రాలు, ఏనుగులు, అన్నీ ఆ ఇరుకు దారినే ఇటూ అటూ దాటేవి. ఎవరు ఎవరికి దారి ఇవ్వాలో అక్కడ ఎవరూ బోర్డు పెట్టలేదు. తలపాగా చూసి, వెంట నడిచేవాళ్ల సంఖ్య చూసి, నడక చూసి జనమే తేల్చుకునేవాళ్లు. దర్బారులో నడిచే వ్యవహారం కూడా ఇలాంటిదే, కాకపోతే ఇంకా ఖరీదైన బట్టల్లో. సలాం ఎంత వంగి చేయాలి, ఎన్ని అడుగుల దూరంలో ఆగాలి, ఎవరి ముందు కూర్చోవచ్చు, ఎవరి ముందు కూర్చోకూడదు... ఇవన్నీ నోరు విప్పకుండానే తెలియాలి. పరాయి ఊరి నుంచి వచ్చిన ఇంజినీరుకు ఇది కొత్త భాష నేర్చుకోవడం లాంటిది.

ఈ భాషను చదివి బాగుపడ్డవాళ్లు ఆ దర్బారులో ఇంకా ఉన్నారు. మనం సినిమాలకు, పుస్తకాలకు వెళ్లే ఆబిడ్స్‌కు పేరు ఎలా వచ్చిందో తెలుసా? మహబూబ్ అలీ ఖాన్ దగ్గర పనిచేసిన ఆల్బర్ట్ ఆబిద్ అనే అర్మేనియన్ వల్ల. నిజాం దుస్తుల బాధ్యత చూసేవాడు ఆయన. దొర కనుబొమ్మ కదిలితే ఏ కోటు కావాలో తెలియాల్సిన కొలువు అది. తర్వాత ఆయన పెట్టిన దుకాణం వల్ల ఆ పేటకే ఆ పేరు నిలిచిపోయింది.

తలకిందుల బొమ్మ

అప్పటి పెద్ద కెమెరాలో బొమ్మ ఎలా కనిపించేదో మనవాళ్లకు ఫిజిక్స్‌లో చెప్పే ఉంటారు. వెనకాల గరుకు అద్దం మీద, నల్లగుడ్డ కప్పుకొని చూస్తే, మనుషులందరూ తలకిందులుగా కనిపిస్తారు. దీన్ దయాళ్ ముప్ఫై ఏళ్లు లోకాన్ని అలాగే చూశారు. మీ ఫోన్‌లో ఒక గ్రూప్ ఫొటోను తిప్పి చూడండి, ఒక తమాషా తెలుస్తుంది. ముఖాల్లో నవ్వు, కోపం అంత సులువుగా అందవు. కనిపించేవి వేరే. ఎవరి భుజం ఎవరి వైపు తిరిగింది, ఇద్దరి మధ్య ఖాళీ ఎంత, ఎవరి చేతులు విశ్రాంతిగా ఉన్నాయి, ఎవరివి బిగుసుకున్నాయి. ముఖం పక్కకు తప్పుకున్నాక శరీరం చెప్పేది తెలుస్తుంది. దీన్ దయాళ్ గ్రూప్ ఫొటోల్లో ఆ అమరిక అంత కుదురుగా ఉండడానికి ఇదీ ఒక కారణమేమో అని నాకు అనిపిస్తుంది.

ఇంకో కష్టం ఉంది. వైస్రాయ్‌ను, నిజామును పట్టుకుని కాస్త ఇటు జరగండి అనడం ఎవరి తరం? భుజం మీద చెయ్యి వేసి తిప్పలేరు. గొంతు పెంచలేరు. కుర్చీని ముందే సరైన చోట వేయాలి, తివాచీ అంచుతో హద్దు చెప్పాలి, వెలుతురు ఎటు పడితే వాళ్లు అటు తిరుగుతారో లెక్కవేయాలి. మన డిజైన్ క్లాసులో చెప్పేది ఇదే కదా! మనిషికి ఆజ్ఞ ఇవ్వకూడదు, చోటునే అలా తయారు చేయాలి, మనిషి దానంతట అదే ఆ పని చేస్తాడు.

1880ల్లో తయారుగా దొరికే పొడి ప్లేట్లు వాడుకలోకి వచ్చాయి. చీకటి గుడారం మోత తగ్గింది, కదలికను కూడా పట్టే వీలు కలిగింది. సైనిక విన్యాసాలు, వేట, ఊరేగింపులు ఆయన పలకల మీదికి వచ్చాయి. 1902లో వైస్రాయ్ కర్జన్ వరంగల్ దగ్గర నెక్కొండ అడవుల్లో వేటకు వచ్చినప్పుడు, భార్యతో కలిసి పులి వెనకాల నిలబడ్డ ఫొటో ఆయన స్టూడియోదే. ఆ ఫొటోలో ఎవరూ ఏమీ మాట్లాడడం లేదు. అయినా ఈ అడవి ఎవరిది, ఈ నేల మీద పెత్తనం ఎవరిది అనే సంగతి నిలబడ్డ తీరే చెప్పేస్తుంది.

మగవాళ్లకు ప్రవేశం లేని స్టూడియో

దీన్ దయాళ్ పనుల్లో డిజైన్ చదివేవాళ్లకు అన్నిటికంటే పనికొచ్చేది 1892లో జరిగింది. అప్పటికి ఆయన స్టూడియోకు వచ్చేవాళ్లంతా దాదాపు మగవాళ్లే. పరదా పాటించే ఇళ్ల ఆడవాళ్లు పరాయి మగవాడి ముందు కూర్చోరు. ఇది ఆడవాళ్ల సమస్య, మనం ఏం చేస్తాం అని ఆయన ఊరుకోలేదు. హైదరాబాద్‌లో ఆడవాళ్ల కోసమే జనానా స్టూడియో తెరిచారు. లోపల పనిచేసేవాళ్లూ ఆడవాళ్లే. దాని బాధ్యత మిసెస్ కెన్నీ-లెవిక్ అనే ఆంగ్ల మహిళకు అప్పగించారు. తాను పేరుమోసిన ఫొటోగ్రాఫర్ అయి ఉండి, కొన్ని బొమ్మలు తన కంటితో తీయకూడదని ఒప్పుకోవడం చిన్న సంగతి కాదు.

ఆలోచించి చూడండి. రాని కస్టమర్ ఏ ఫిర్యాదూ ఇవ్వదు. ఫారం నింపదు. ఆమె రాకపోవడమే ఆమె చెప్పే మాట. దీన్ దయాళ్ ఆ రాకపోవడాన్ని చదివారు. ఒక చోట ఎవరున్నారో అందరూ చూస్తారు, ఎవరు లేరో చూడడానికి శ్రద్ధ కావాలి.

ఇది తెలిసాక అఫ్జల్‌గంజ్‌లో మా చూపు మారింది. మొదటి రెండు రోజులు మేము రాసుకున్నవన్నీ చేతుల కబుర్లే. షేర్ ఆటో డ్రైవర్ ఇంకా ఎన్ని సీట్లున్నాయో వేళ్లతో చూపించడం. బస్సు రేకు మీద రెండు దెబ్బలు వేస్తే పోనీయమని, ఒక్కటి వేస్తే ఆపమని. రోడ్డు దాటేవాళ్లు అరచేతిని నడుము ఎత్తులో పెట్టి బండ్లను ఆపడం. బేగంబజార్ వైపు దుకాణాల్లో గిరాకీ రెండు అడుగులు వెనక్కి వేస్తే, షాపాయన క్యాలిక్యులేటర్‌లో కొత్త అంకె కొట్టి ముందుకు తోయడం. ఇవన్నీ బాగానే ఉన్నాయి. మూడో రోజు మేము లేనివాళ్ల కోసం చూశాం. బస్టాపులో చీకటి పడ్డాక ఆడవాళ్లు షెల్టర్ కింద నిలబడడం లేదు, లైటున్న దుకాణం ముందు నిలబడుతున్నారు. షెల్టర్ కట్టినవాళ్లకు ఎవరూ నోటితో ఏమీ చెప్పలేదు, కానీ చెప్పాల్సింది రోజూ చెబుతూనే ఉన్నారు. ఉస్మానియా ఆస్పత్రి వైపు వెళ్లేవాళ్లలో కొందరు దారి అడగరు. చేతిలో చీటీ ముందుకు చాపుతారు, అంతే. చదవడం రాకపోవచ్చు, ఊరు కొత్త కావచ్చు, ఏడుపు గొంతులో ఉండొచ్చు. మా ప్రాజెక్ట్ చివరికి ఆ చీటీ చుట్టూ తిరిగింది. అక్షరాల బదులు రంగు, గుర్తు, బాణం ఉంటే ఆ చీటీయే దారి చూపిస్తుంది కదా అని.

అంచున నిలబడ్డవాళ్లు

మూడో ప్రశ్న మిగిలింది. చూసే హక్కు సంగతి. ఇక్కడ దీన్ దయాళ్‌ను పొగిడి వదిలేస్తే అన్యాయం అవుతుంది. ఆయన బతికింది రాజుల సొమ్ము మీద, దొరల ఆర్డర్ల మీద. ఆల్బమ్‌లలో నవాబులకు, అధికారులకు పేర్లు, బిరుదులు ఉంటాయి. విసనకర్ర పట్టుకున్నవాడికి, గుర్రం కళ్లెం పట్టుకున్నవాడికి, గొడుగు పట్టుకున్నవాడికి ఉండవు. బుందేల్‌ఖండ్ గుడి దగ్గర కొలబద్దగా నిలబడ్డ మనిషి లాగే వీళ్లూ పేరు లేకుండా మిగిలారు. నిజాం రాజ్యంలో కరువు కాలంలో చేపట్టిన సహాయ కార్యక్రమాలను కూడా ఆయన స్టూడియో ఫొటోలు తీసింది. ఆ బొమ్మల్లోని జనాన్ని ఫొటో తీయమంటారా వద్దా అని ఎవరైనా అడిగి ఉంటారని నేను అనుకోను. సర్కారు చేసిన మంచి పనికి సాక్ష్యంగా తీసిన ఫొటోలు అవి. కానీ వంగిన వీపులు, కెమెరా వైపు నిలిపిన కళ్లు సర్కారు చెప్పమన్నదాని కంటే ఎక్కువే చెబుతాయి.

ఆయన్ను ఈ కాలపు కొలతతో కొలవడం నా ఉద్దేశం కాదు. ఆ పెద్ద కెమెరాకు దాపరికం లేదు, మూడు కాళ్ల మీద అందరికీ కనిపించేలా నిలబడేది. ఫొటో తీస్తున్నారని ఎదుటివాళ్లకు తెలిసేది. మన జేబులో ఉన్నది అలా కాదు. ఆస్పత్రి గేటు దగ్గర చీటీ పట్టుకుని నిలబడ్డ ముసలాయన ముఖాన్ని మనం ఆయనకు తెలియకుండా తీసి స్లైడ్‌లో పెట్టేయగలం. మార్కులు కూడా వస్తాయి. అందుకే మా టీమ్ ఫొటోలు వద్దనుకుంది. ముఖాలు లేని గీతల బొమ్మలు వేసుకున్నాం. ఎవరు ఎక్కడ నిలబడ్డారు, ఎటు తిరిగారు, ఎంతసేపు ఆగారు, అంతవరకే. డ్రాఫ్ట్స్‌మన్ దీన్ దయాళ్‌కు అదీ నచ్చేదని అనుకుంటున్నాను.

చివరి ఏళ్లు

1890ల్లో ఆయన కీర్తి ఆకాశాన్ని అంటింది. నిజాం ఆయనకు రాజా బహదూర్ ముసవ్విర్ జంగ్ అనే బిరుదు ఇచ్చారు. ముసవ్విర్ అంటే బొమ్మలు గీసేవాడు, జంగ్ అంటే యుద్ధం. కత్తి పట్టనివాడికి యోధుల బిరుదు అన్నమాట. ఆయన పనితనాన్ని మెచ్చుకుంటూ నిజాం స్వయంగా ఉర్దూలో ఒక ద్విపద కూడా చెప్పారు. 1896లో బొంబాయిలో పెద్ద స్టూడియో తెరిచారు. 1897లో విక్టోరియా రాణి నుంచి రాజ గుర్తింపు వచ్చింది. 1903 ఢిల్లీ దర్బారును ఫొటోలు తీశారు.

ఆ తర్వాత కాలం కలిసిరాలేదు. 1904లో కొడుకు ధరమ్ చంద్ చనిపోయారు. మరుసటి ఏడాది, 1905 జూలైలో దీన్ దయాళ్ కూడా కన్నుమూశారు. స్టూడియోను ఇంకో కొడుకు జ్ఞాన్ చంద్ నడిపారు. మూడేళ్లకు, 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి అఫ్జల్‌గంజ్‌ను ముంచేసింది. వేల ప్రాణాలు పోయాయి. ఇప్పుడు ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి దాదాపు 150 మంది బతికారు. ఆయన చూసిన ఊరిలో చాలా భాగం ఆ ఒక్క వరదలో కొట్టుకుపోయింది. ఆ తర్వాత కొత్త ఆస్పత్రి, కొత్త లైబ్రరీ భవనం, కొత్త రోడ్లు వచ్చాయి. పోయిన ఊరు ఎలా ఉండేదో తెలియాలంటే ఆ గాజు పలకలే మనకు దిక్కు.

ఆయన గాజు నెగటివ్‌లు 2,800కు పైగా ఇప్పుడు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంలో ఉన్నాయి. 2006లో తపాలా శాఖ ఆయన పేరిట స్టాంప్ విడుదల చేసింది. ఈసారి ఎవరైనా మీకు ఆయన ఫొటో పంపితే, మధ్యలో కుర్చీలో ఉన్నవాళ్లను తర్వాత చూడండి. ముందు అంచుల దగ్గరికి వెళ్లండి. సగం తెగిపోయిన భుజం, గొడుగు కర్ర పట్టుకున్న చెయ్యి, ఎటు చూడాలో తెలియక కెమెరా వైపే చూసిన కుర్రాడు కనిపిస్తారు. బిరుదులున్నవాళ్లు ఏం చెప్పదలుచుకున్నారో ముందే నిర్ణయించుకుని కూర్చున్నారు. అంచున ఉన్నవాళ్లు ఎవరూ అడగకుండానే తమ సంగతి చెప్పేశారు. ప్రాజెక్ట్ కోసం రేపు మీరు ఏ బస్టాపుకు వెళ్లినా, ఏ రైతుబజార్‌కు వెళ్లినా, మొదట చూడాల్సింది వాళ్లనే.